ముందు కొండ, తరువాత కడలి: బస్తర్ నుంచి స్కూబా నేర్చుకోవడానికి వెళ్లేవారి కోసం

జగదల్‌పూర్ నుంచి సముద్రం చూడాలనుకునేవారిలో చాలామంది ఎక్కేది విశాఖపట్నం రైలే. బైలాడీలా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం అది. సొరంగాలు, లోయలు, అరకు కాఫీ తోటలు దాటుకుంటూ బస్తర్ పీఠభూమిని బంగాళాఖాతంతో కలుపుతుంది. దారిలో వచ్చే శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదిగా దానికి పేరు.

స్కూబా డైవింగ్ నేర్చుకోవాలనుకునే బస్తర్ యువతీ యువకులు ఈ 996 అంకెను గుర్తుపెట్టుకోవడం మంచిది. విశాఖ దగ్గర రుషికొండ, మంగమారిపేట తీరాల్లో ఇప్పుడు స్కూబా అందుబాటులో ఉంది. మధ్యాహ్నం దాకా సముద్రం అడుగున గడిపి, సాయంత్రం కారెక్కి ఘాట్ మీదుగా ఇంటికి బయలుదేరితే సెలవు ఒకరోజు కలిసొస్తుంది. కానీ శరీరానికి అది రెండు విరుద్ధమైన ప్రయాణాలను ఒకే రోజులో చేయించడం. మొదటిది అధిక పీడనంలోకి, రెండోది మామూలు కంటే తక్కువ పీడనంలోకి. ఈ రెంటి మధ్య ఎంత వ్యవధి ఉండాలన్న దాని మీదే యాత్ర ప్రణాళిక మొత్తం ఆధారపడుతుంది. శ్రీలంకకు వెళ్లినా, థాయ్‌లాండ్‌కు వెళ్లినా సూత్రం ఇదే.

చిత్రకోట్ అంత లోతు

సముద్రమట్టం దగ్గర మన మీద ఉండే గాలి బరువు వల్ల కలిగే పీడనాన్ని 1 అట్మాస్ఫియర్ అంటాం. నీరు గాలికంటే ఎన్నో వందల రెట్లు బరువైనది. అందుకే సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ మరో అట్మాస్ఫియర్ చొప్పున పీడనం పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర 2, 20 మీటర్ల దగ్గర 3.

బస్తర్ పాఠకులకు చిత్రకోట్ జలపాతం మంచి కొలబద్ద. ఇంద్రావతి అక్కడ సుమారు 29 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. అంత లోతు సముద్రంలో దిగితే మన మీద దాదాపు 4 అట్మాస్ఫియర్ల పీడనం ఉంటుంది. ‘ఓపెన్ వాటర్’ అనే మొదటి స్థాయి సర్టిఫికెట్ పొందినవారు సాధారణంగా 18 మీటర్ల వరకే దిగాలి. అంటే చిత్రకోట్ ఎత్తులో మూడింట రెండు వంతులైనా లేదు. అక్కడ పీడనం 2.8 అట్మాస్ఫియర్లు.

అదే కాంగేర్ లోయలోని కుటుమ్‌సర్ గుహలో 30 మీటర్లు కిందికి దిగామనుకోండి. అక్కడ మన పైన చేరేది 30 మీటర్ల గాలి మాత్రమే. పీడనం అర శాతం కూడా పెరగదు. లోతు ఒకటే అయినా, పైన ఉన్నది గాలా, నీరా అన్నదే తేడా.

ఈ పీడనం శరీరంలోని గాలి గదుల మీద వెంటనే ప్రభావం చూపుతుంది. ఉష్ణోగ్రత మారనప్పుడు పీడనం రెట్టింపైతే వాయువు ఘనపరిమాణం సగమవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. ఉపరితలం నుంచి మొదటి 10 మీటర్లలోనే పీడనం రెట్టింపవుతుంది కాబట్టి చెవుల్లో నొప్పి తొలి కొద్ది మీటర్లలోనే మొదలవుతుంది. ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులను సమం చేసుకోవడం డైవర్లు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. జలుబు ఉన్నప్పుడు దిగవద్దనేది కూడా ఇందుకే. పైకి వచ్చేటప్పుడు ఇది తిరగబడుతుంది. 10 మీటర్ల దగ్గర ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపు చోటు కోరుతుంది. ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. ‘ఎప్పుడూ ఊపిరి బిగబట్టవద్దు’ అన్నది స్కూబాలో మొట్టమొదటి నియమం.

గోలీసోడా పాఠం

కంటికి కనబడని రెండో ప్రభావం నైట్రోజన్‌ది. మనం పీల్చే గాలిలో దాదాపు 78 శాతం అదే. నేల మీద ఉన్నప్పుడు కూడా మన రక్తంలో, కొవ్వులో, కండరాల్లో కొంత నైట్రోజన్ కరిగి ఉంటుంది, హాని చేయదు. ద్రవం మీద వాయువు పీడనం పెరిగితే అందులో కరిగే వాయువు కూడా ఆ నిష్పత్తిలోనే పెరుగుతుందని విలియమ్ హెన్రీ 1803లో చూపాడు. 18 మీటర్ల లోతులో డైవర్ పీల్చే గాలి 2.8 అట్మాస్ఫియర్ల పీడనంతో వస్తుంది. అక్కడ గడిపే ప్రతి నిమిషం శరీరంలోకి అదనంగా నైట్రోజన్ చేరుతూనే ఉంటుంది.

గోలీసోడా గుర్తుందా? గోలీ బిగిసి ఉన్నంతసేపూ సీసాలో బుడగలు కనబడవు. వాయువు లేక కాదు, పీడనం దాన్ని కరిగించి ఉంచుతుంది కాబట్టి. గోలీని ఒక్కసారిగా లోపలికి నొక్కితే సోడా పొంగుతుంది. డైవర్ వేగంగా పైకి వస్తే కణజాలాల్లో కరిగిన నైట్రోజన్ కూడా అలాగే బుడగలు కట్టవచ్చు. అవి కీళ్లలో నొప్పి, చర్మంపై దద్దుర్లు, తిమ్మిరి, తీవ్రమైతే పక్షవాతం దాకా తేగలవు. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ లేదా ‘బెండ్స్’ అంటారు. దీనికి కారణం నైట్రోజన్ బుడగలేనని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లో వివరించాడు.

నెమ్మదిగా పైకి వస్తే ఈ నైట్రోజన్ రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరి, శ్వాసతో బయటికి పోతుంది. ఎంత నెమ్మదిగా రావాలి? బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో సహచరులతో కలిసి తొలి శాస్త్రీయ పట్టికలు ప్రచురించాడు. శరీరమంతా ఒకే వేగంతో నైట్రోజన్‌ను పీల్చుకోదన్నది ఆయన కీలక ఆలోచన. రక్త ప్రసరణ బాగా ఉన్న భాగాలు నిమిషాల్లో నిండి నిమిషాల్లో ఖాళీ అవుతాయి. ప్రసరణ తక్కువగా ఉన్నవి నిదానంగా నిండి, నిదానంగానే ఖాళీ అవుతాయి. హాల్డేన్ శరీరాన్ని 5 ఊహాత్మక అరలుగా విభజించి, ఒక్కోదానికి 5 నిమిషాల నుంచి 75 నిమిషాల దాకా ‘అర్ధకాలం’ ఇచ్చాడు. తరువాత స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్బర్ట్ బ్యూల్మన్ రూపొందించిన నమూనాలో అలాంటి అరలు 16. వాటిలో అన్నిటికంటే నిదానమైన దాని అర్ధకాలం 635 నిమిషాలు. నేడు డైవర్లు మణికట్టుకు కట్టుకునే కంప్యూటర్లలో చాలావాటికి ఆధారం ఆ నమూనాయే.

లెక్క ఇలా సాగుతుంది. అర్ధకాలం 40 నిమిషాలు ఉన్న అర, డైవ్ ముగిసిన 4 గంటలకు 6 అర్ధకాలాలు గడిపేస్తుంది. చేరిన అదనపు నైట్రోజన్‌లో మిగిలేది 64వ వంతే. 635 నిమిషాల అరలో మాత్రం అదే 4 గంటల తరువాత మూడు వంతులకు పైగా మిగిలే ఉంటుంది. ఒక్క డైవ్‌లో ఆ నిదానమైన అర నిండేది కొంచెమే కాబట్టి ఫరవాలేదు. కానీ సర్టిఫికెట్ కోర్సు ఒక్క డైవ్‌తో ముగియదు. సముద్రంలో కనీసం 4 డైవ్‌లు, రెండు రోజుల పాటు చేయాలి. ఖాళీ అయ్యేలోపే మళ్లీ నింపడం అన్నమాట. మిగులు పేరుకుంటుంది.

ఘాట్ ఎక్కితే ఏమవుతుంది?

డైవింగ్ పట్టికలు, కంప్యూటర్లు సాధారణంగా ఒక విషయాన్ని ముందే అనుకుంటాయి: డైవర్ పైకి వచ్చాక సముద్రమట్టం దగ్గరే, 1 అట్మాస్ఫియర్ కిందే ఉంటాడని. ఎత్తుకు వెళితే ఆ లెక్క తప్పుతుంది. 1,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సుమారు 0.89 అట్మాస్ఫియర్. విమానం 10 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతున్నా లోపలి పీడనాన్ని కృత్రిమంగా పెంచుతారు. అయినా అది 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీది పీడనం దాకా, అంటే దాదాపు 0.75 అట్మాస్ఫియర్ దాకా తగ్గవచ్చు.

డైవ్ తరువాత చాలామంది రక్తంలో ఏ ఇబ్బందీ కలిగించని సూక్ష్మ బుడగలు ఉంటాయి. బాయిల్ సూత్రం ప్రకారం అలాంటి బుడగ శిమిలిగూడ చేరేసరికి సుమారు 13 శాతం, విమానంలో సుమారు మూడో వంతు పెద్దదవుతుంది. పీడనం తగ్గడంతో కరిగి ఉన్న నైట్రోజన్ కూడా వాటిలోకి చేరుతుంది. ఇది సగం తెరిచిన గోలీని ఇంకాస్త నొక్కడం లాంటిదే.

ఘాట్ ఎక్కిన ప్రతి డైవర్‌కూ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. చాలామందికి ఏమీ కాదు. కానీ ఎవరికి అవుతుందో ముందుగా చెప్పగల పరీక్ష లేదు. అందుకే నియమం అందరికీ ఒకటే పెట్టారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1990ల్లో వాలంటీర్లను పీడన గదుల్లో ఉంచి ‘డైవ్ తరువాత విమానం’ పరిస్థితిని కల్పించి పరీక్షించారు. ఆ అనుభవం ఆధారంగా 2002లో నిపుణులు సమావేశమై చేసిన సిఫారసులనే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ నేటికీ చెబుతోంది. డీకంప్రెషన్ ఆగుళ్లు అవసరం లేని ఒకే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువ డైవ్‌లు లేదా వరుస రోజుల్లో డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. ఈ సిఫారసు వర్తించే ఎత్తు సుమారు 600 నుంచి 2,400 మీటర్లు. విమానమైనా కొండ దారి అయినా ఒకటే.

జగదల్‌పూర్ ఎత్తు సుమారు 550 మీటర్లు. ఆ అంకె ఒక్కటే చూస్తే ఇబ్బంది లేదనిపిస్తుంది. కానీ విశాఖ నుంచి అక్కడికి వెళ్లే రైలు శిమిలిగూడ ఎక్కి దిగుతుంది. సాలూరు మీదుగా వెళ్లే రోడ్డు 850 మీటర్లకు పైగా ఎత్తున్న కోరాపుట్ దాటుతుంది. చూడాల్సింది గమ్యం ఎత్తు కాదు, దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు.

సెలవును ఎలా పంచుకోవాలి

దీని నుంచి ఒక సులువైన సూత్రం వస్తుంది. కొండ ప్రాంతాలన్నీ వెళ్లేటప్పుడే చూసేయాలి. సముద్రం తరువాత. సముద్రానికీ తిరుగు ప్రయాణానికీ మధ్య ఒక ‘పొడి రోజు’.

జగదల్‌పూర్ నుంచి వారం రోజుల సెలవు ఉందనుకుందాం. మొదటి రోజు రైల్లో అరకు చేరి రాత్రి అక్కడే ఆగవచ్చు. రెండో రోజు బొర్రా గుహలు చూసి విశాఖకు దిగాలి. ఇక్కడ ఒక చిక్కు గమనించండి. గుహ అంటే కిందికి దిగడమే కదా, డైవ్ తరువాత చూడొచ్చులే అనిపిస్తుంది. కానీ బొర్రా గుహలున్న చోటే సముద్రమట్టానికి 700 మీటర్ల ఎత్తున ఉంది. ఒడిశాలోని ఎత్తైన శిఖరం దేవమాలి, 1,672 మీటర్లు, చూడాలన్నా వెళ్లేటప్పుడే.

మూడో రోజు స్విమ్మింగ్ పూల్ లేదా లోతు తక్కువ నీళ్లలో శిక్షణ. నాలుగు, అయిదు రోజులు సముద్రంలో 4 డైవ్‌లు. ఆరో రోజు పొడి రోజు. ఆర్‌కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల, తొట్లకొండ బౌద్ధారామం, కైలాసగిరి, సింహాచలం చూడవచ్చు. ఇవి కొండల మీద ఉన్నా 300 మీటర్లకు లోపే. కురుసురలో మీకో ప్రశ్న రావచ్చు: సముద్రం లోతుల్లో తిరిగిన నావికులకు బెండ్స్ ఎందుకు రాలేదు? జలాంతర్గామి ఉక్కు గోడ బయటి పీడనాన్ని మోస్తుంది. లోపలివారు దాదాపు మామూలు గాలి పీడనంలోనే ఉంటారు. డైవర్‌కు అలాంటి గోడ లేదు. ఏడో రోజు ఉదయం రైలెక్కి ఇల్లు చేరవచ్చు.

పొడి రోజుకు సెలవు లేకపోతే? చివరి డైవ్‌ను మధ్యాహ్నం 2 గంటలలోపు ముగించి, రాత్రి విశాఖలోనే పడుకుని, మర్నాడు ఉదయం రైలెక్కితే అది ఘాట్ పైకి చేరేసరికి దాదాపు 20 గంటలు గడుస్తాయి. 18 గంటల నియమం నిలబడుతుంది. అదే రోజు రాత్రి రైలైతే అర్ధరాత్రి వేళకే ఎత్తుకు చేరుస్తుంది. సాయంత్రం కారైతే ఇంకా ముందే. ఈ రెండూ వద్దు. టికెట్ కొనేముందు రైలు వేళలు చూసి ఈ గంటలు లెక్కపెట్టుకోండి.

ఇల్లు చేరిన మర్నాడే మిత్రులతో దోల్‌కల్ గణేశుడి కొండ ఎక్కాలని కూడా తొందరపడవద్దు. డైవ్ తరువాత వెంటనే కఠిన శ్రమ బుడగలను ప్రోత్సహించవచ్చు కాబట్టి ఒకరోజు విశ్రాంతి మేలు.

విదేశాలకైతే

విదేశీ యాత్రలో ఈ తప్పు ఇంకా సులువుగా జరుగుతుంది, ఎందుకంటే సముద్రం, కొండ రెండూ ఒకే ప్యాకేజీలో ఉంటాయి. శ్రీలంకలో నువారా ఎలియా ఎత్తు సుమారు 1,868 మీటర్లు, శ్రీపాద శిఖరం 2,243 మీటర్లు. తీరం నుంచి అవి ఒక్కరోజు ప్రయాణమే. అందుకే అక్కడ కొండలు ముందు, డైవింగ్ తరువాత, చివరి రోజు కొలంబో. డైవింగ్‌కు నైరుతి తీరం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, ట్రింకోమలీ వైపు మే నుంచి సెప్టెంబరు దాకా అనుకూలం. బాలీలో సూర్యోదయం కోసం ఎక్కే బతూర్ పర్వతం 1,717 మీటర్లు. అది కూడా డైవ్‌లకు ముందే. థాయ్‌లాండ్‌లో కో తావ్ దీవి కొత్తవారికి ప్రసిద్ధ శిక్షణ కేంద్రం. అక్కడ నేర్చుకున్నాక బ్యాంకాక్‌లో ఆగవచ్చు. కానీ దీవుల నుంచి బ్యాంకాక్‌కు దేశీయ విమానంలో వెళ్తే ఆ గంట ప్రయాణం కూడా విమానమే అని మరవకూడదు. అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్‌లో నేర్చుకున్నవారికీ అంతే. తిరుగు విమానానికి ముందు పూర్తి ఒకరోజు నేల మీద గడిపేలా టికెట్లు కొనుక్కోవాలి.

బయలుదేరే ముందు అడగాల్సినవి

‘స్కూబా’ అని రాసి ఉన్న ప్రతిదీ సర్టిఫికెట్ కాదు. అరగంటలో ముగిసే అనుభవ డైవ్ వేరు. అందులో శిక్షకుడు పక్కనే ఉండి చూసుకుంటాడు, లోతు 12 మీటర్లు దాటదు. ఓపెన్ వాటర్ కోర్సులో పాఠాలు, పూల్ శిక్షణ, సముద్రంలో 4 డైవ్‌లు, ఈత పరీక్ష ఉంటాయి. ఏ విధంగానైనా 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు నీటిపై తేలాలి. కోర్సుకు మొత్తం మూడు నాలుగు రోజులు పడుతుంది. పాఠాల భాగాన్ని ఆన్‌లైన్‌లో ఇంట్లోనే చదువుకుంటే ఒకరోజు మిగులుతుంది. ఇంద్రావతిలో ఈత వచ్చినవారికి సముద్రపు అలలు కొత్త, కాబట్టి పూల్ శిక్షణను కుదించే కేంద్రానికి వెళ్లవద్దు. శిక్షకుడి గుర్తింపు సంఖ్య, దగ్గరలో రీకంప్రెషన్ గది ఎక్కడుంది, పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా అన్నవి డబ్బు కట్టే ముందే అడగండి. ప్రయాణ బీమా డైవింగ్‌కు వర్తిస్తుందో లేదో పాలసీలో చూడండి.

కోర్సుకు ముందు ఆరోగ్య ప్రశ్నావళి ఇస్తారు. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి శస్త్రచికిత్స లాంటివి దాచకుండా రాయాలి. బస్తర్ వాసులకు మరో ముఖ్యమైన ప్రశ్న సికిల్ సెల్. మధ్య భారతంలోని గిరిజన ప్రాంతాల్లో ఈ జన్యు లక్షణం ఎక్కువ. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్షలు కూడా జరుగుతున్నాయి. వ్యాధి ఉన్నవారిని వైద్యులు సాధారణంగా స్కూబాకు వద్దంటారు. వ్యాధి లేకుండా లక్షణం మాత్రమే మోస్తున్నవారు డైవింగ్ తెలిసిన వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి. పరీక్ష చేయించుకోనివారు యాత్రకు ముందు చేయించుకోవడం మంచిది.

ఇంటికి వచ్చాక

బెండ్స్ లక్షణాలు ఎక్కువ మందిలో డైవ్ తరువాత కొద్ది గంటల్లోనే, దాదాపు అందరిలో 24 గంటలలోపే బయటపడతాయి. ఎత్తుకు వెళితే ఆలస్యంగా కూడా మొదలుకావచ్చు. భుజంలోనో మోకాలిలోనో లోతైన నొప్పి, తిమ్మిరి, విపరీతమైన అలసట, తలతిరుగుడు, నడకలో తడబాటు వంటివి కనిపిస్తే ప్రయాణ బడలిక అనుకుని మాత్ర వేసుకుని పడుకోవద్దు. దారిలో ఉంటే ఇంకా పైకి వెళ్లవద్దు. వీలైనంత త్వరగా స్వచ్ఛమైన ఆక్సిజన్ అందాలి. రక్తంలో నైట్రోజన్ తగ్గేకొద్దీ బుడగలోనిది త్వరగా బయటికి వస్తుంది. అసలు చికిత్స రీకంప్రెషన్ గదిలో జరుగుతుంది. పీడనాన్ని మళ్లీ పెంచి బుడగలను కుదించి, తరువాత మెల్లగా తగ్గిస్తారు.

సముద్రానికి 300 కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రిలో మోకాలి నొప్పితో వచ్చినవారిని చూసి వైద్యుడికి బెండ్స్ స్ఫురించకపోవచ్చు. కాబట్టి ‘నేను నిన్న సముద్రంలో డైవ్ చేశాను, ఆపై ఘాట్ దాటి వచ్చాను’ అని మీరే మొదట చెప్పాలి. ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, ఎన్ని డైవ్‌లు అన్న వివరాలు డైవ్ లాగ్‌బుక్‌లో ఉంటాయి. తిరుగు ప్రయాణంలో దాన్ని పెట్టె అడుగున కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.